ఆయాసంతో వచ్చిన రోగికి మంచం పక్కనే ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్ ఎలా చేయాలి

జిల్లా ఆసుపత్రుల్లో, ఏరియా ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే యువ డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. ఆయాసంతో ఒక పెద్దాయన వస్తాడు. పడుకోబెడితే ఊపిరి ఆడదు, కూర్చునే ఉంటాడు. బీపీ ఉంది, షుగర్ ఉంది, చుట్టో బీడీయో కాల్చే అలవాటు ఉంది, ఎప్పుడో టీబీ మందులు వాడాడు. స్టెతస్కోప్ పెడితే రెండు వైపులా పిల్లికూతలు, అడుగున క్రెపిటేషన్లు (చిటపట శబ్దాలు) వినిపిస్తాయి. ఇది గుండె బలహీనపడి వచ్చిన ఆయాసమా, సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాల జబ్బు) ముదిరిందా, న్యుమోనియానా? తేలక లాసిక్స్ (ఒంట్లో నీటిని మూత్రంగా తీసే మందు), నెబ్యులైజర్, యాంటీబయాటిక్ మూడూ ఒకేసారి మొదలుపెట్టడం చాలా చోట్ల అలవాటైపోయింది. రోగికి అది మంచిది కాదు. గుండె రోగికి నెబ్యులైజర్‌లో వేసే అనవసరపు సాల్బుటమాల్ గుండె వేగం పెంచుతుంది. న్యుమోనియాతో ఒంట్లో నీరు ఆరిపోయిన వారికి లాసిక్స్ మరింత చేటు చేస్తుంది.

ఈ మూడు జబ్బులనూ కొన్ని నిమిషాల్లో విడదీయగల పరికరం మీ ఆసుపత్రిలో ఇప్పటికే ఉండవచ్చు. గాలి నిండిన ఊపిరితిత్తుల్లోకి అల్ట్రాసౌండ్ వెళ్లదని, కాబట్టి అక్కడ దానితో పనిలేదని దశాబ్దాల పాటు పుస్తకాలు చెప్పాయి. పారిస్ పక్కన బూలోన్‌లోని ఐసీయూలో పనిచేసిన ఫ్రెంచ్ వైద్యుడు డానియెల్ లిక్టెన్‌స్టైన్ 1990లలో దీన్ని తిరగేశారు. తెర మీద కనిపించేది ఊపిరితిత్తి బొమ్మ కాకపోయినా, గాలీ నీరూ కలిసే చోట పుట్టే గీతలు ఊపిరితిత్తి స్థితిని చెబుతాయని చూపించారు. 2008లో ఆయన, మెజియేర్ కలిసి బ్లూ ప్రోటోకాల్ అనే పరీక్షా క్రమాన్ని ప్రచురించారు. తీవ్రమైన ఆయాసంతో ఐసీయూలో చేరిన 260 మందిలో ఈ పద్ధతి 90.5 శాతం మందికి సరైన రోగనిర్ధారణ ఇచ్చింది. ఇక్కడ చెప్పే క్రమానికి అదే ఆధారం.

ప్రోబ్ ముట్టుకోకముందు

ముందు ఆక్సిజన్ పెట్టండి, రోగిని కూర్చోబెట్టండి, సిర దొరికించుకోండి, మానిటర్ తగిలించండి. ఇవి అయ్యాకే మిషన్ దగ్గరికి వెళ్లాలి. బీపీ పడిపోతూ, ఒక వైపు ఊపిరి శబ్దమే లేకుండా, శ్వాసనాళం పక్కకు జరిగి ఉంటే అది టెన్షన్ న్యూమోథొరాక్స్, అంటే ఊపిరితిత్తి బయట చేరిన గాలి ఊపిరితిత్తినీ గుండెనూ నొక్కేయడం. అప్పుడు స్కాన్ కోసం ఆగకండి, సూదితో గాలి తీసేయండి.

తర్వాత ఒక ప్రశ్న వేసుకోండి. నా మటుకు ఈ పని మొత్తంలో అతి ముఖ్యమైన అడుగు ఇదే. "ఊపిరితిత్తుల్లో ఏముందో చూద్దాం" అని ప్రోబ్ పెట్టేవారికి ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది, దాని వెంట పడతారు. "ఈ ఆయాసం గుండె వల్లనా, కాదా?" అనో "శ్వాస ట్యూబు వేసిన కాసేపటికి ఆక్సిజన్ ఎందుకు పడిపోయింది?" అనో అడిగేవారికి జవాబు దొరుకుతుంది. అవునని తేలితే ఏ మందు మొదలుపెడతారో, కాదని తేలితే ఏది ఆపుతారో కూడా ముందే అనుకోండి. జవాబు ఏదైనా మీరు చేసే చికిత్స మారదనుకుంటే ఆ స్కాన్‌తో పనిలేదు.

మిషన్ సిద్ధం చేయడం

కడుపు స్కానింగుకు వాడే వంపు ప్రోబ్, అంటే 2 నుంచి 5 మెగాహెర్ట్జ్‌ల కర్విలీనియర్ ప్రోబ్ ఈ పనికి చాలు. ప్లూరా, అంటే ఊపిరితిత్తిని చుట్టి ఉండే రెండు పొరల కదలికను దగ్గరగా చూడాలంటే లీనియర్ ప్రోబ్ మేలు. రెండూ లేక గుండె ప్రోబ్ మాత్రమే ఉంటే దానితోనే మొదలుపెట్టండి.

ఛాతీ ముందు వైపు చూసేటప్పుడు డెప్త్ 8 నుంచి 10 సెంటీమీటర్లు పెట్టండి. వెనక పక్కకు వెళ్లినప్పుడు 15 దాకా పెంచండి. మిషన్‌లో లంగ్ ప్రీసెట్ ఉంటే అదే ఎంచుకోండి. లేకపోతే అబ్డామెన్ ప్రీసెట్ పెట్టి హార్మోనిక్స్, కాంపౌండ్ ఇమేజింగ్ ఆపేయండి. కొత్తవారు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. బొమ్మను నునుపుగా, అందంగా చూపించడానికి తయారీదారులు పెట్టిన ఈ ఫిల్టర్లు మనకు కావలసిన గీతలనే తుడిచేస్తాయి. మిగతా పరీక్షల్లో ఈ గీతలు లోపాలు, ఇక్కడ మనం వెతికేవి అవే.

రోగికి ఒక మాట చెప్పండి: "పెద్దాయనా, ఇది కడుపు స్కానింగ్ లాంటిదే. నొప్పి ఉండదు. జెల్ కాస్త చల్లగా ఉంటుంది, మీరు కూర్చునే ఉండండి." మహిళా రోగి అయితే నర్సును పక్కన ఉంచుకోండి, చూస్తున్న భాగం తప్ప మిగతాదంతా దుప్పటితో కప్పండి. వార్డులో తెర లాగడం మరవకండి. ఊపిరి ఆడక భయపడుతున్న మనిషికి ఈ రెండు నిమిషాల మర్యాద కూడా చికిత్సలో భాగమే.

ప్రోబ్ ఎక్కడ పెట్టాలి

లిక్టెన్‌స్టైన్ చెప్పిన కొలత చాలా తేలిక. రోగి చేతులంత ఉన్న రెండు అరచేతులను బొటనవేళ్లు వదిలేసి రోగి ఛాతీ మీద ఒకదాని కింద ఒకటి ఉంచినట్టు ఊహించుకోండి. పై చేతి చిటికెన వేలు కాలర్ ఎముక కింది అంచును తాకాలి, వేళ్ల కొనలు ఛాతీ నడిమి గీతకు చేరాలి. పై చేతి మధ్య వేలు, ఉంగరపు వేలు మొదలయ్యే చోటు మొదటి బిందువు. కింది అరచేతి నడుమ రెండో బిందువు. ఈ రెండో బిందువు నుంచి అడ్డంగా వెనక్కు వెళ్లి, చంక వెనక గీతను దాటి, రోగిని కదల్చకుండా ప్రోబ్ ఎంత వెనక్కు పోతే అంత వెనక ఉండేది మూడో బిందువు. దాన్ని ప్లాప్స్ పాయింట్ అంటారు. ఒక్కో వైపు మూడు, మొత్తం ఆరు చోట్లు.

ఈ ఎంపిక వెనక ఒకే సూత్రం ఉంది. గాలి పైకి పోతుంది, నీరు కిందికి దిగుతుంది. అందుకే వెల్లకిలా ఉన్న రోగిలో ఊపిరితిత్తి బయట చేరిన గాలి కోసం ముందు వైపు చూస్తాం, నీటి కోసం వెనక పక్క చూస్తాం. రోగి నిటారుగా కూర్చుని ఉంటే గాలి భుజాల వైపు పోతుందని గుర్తుంచుకుని పై బిందువు దగ్గర ఎక్కువసేపు చూడండి.

పక్కటెముకలు దొరికించుకోవడం

ప్రోబ్ గుర్తు తల వైపు ఉండేలా నిలువుగా పెట్టండి. తెర మీద రెండు పక్కటెముకలు, వాటి కింద నల్లటి నీడలు కనిపిస్తాయి. వాటి మధ్య, ఎముకల గీతకు సుమారు అర సెంటీమీటరు లోతున తెల్లగా మెరిసే అడ్డగీతే ప్లూరా. ఎముకలు రెక్కలుగా, ప్లూరా ఒళ్లుగా కనిపించే ఈ బొమ్మను గబ్బిలం గుర్తు అంటారు. ఇది కనిపించేదాకా ఇంకేమీ చూడకండి. ఎముకలు కనిపించకుండా మెరిసే గీతను ప్లూరా అనుకుంటే, అది కండర పొర కావచ్చు, చర్మం కింద చేరిన గాలి కావచ్చు.

గీత సరిగా మెరవకపోతే ప్రోబ్‌ను అక్కడే ఉంచి మెల్లగా వంచుతూ చూడండి. కిరణం ప్లూరాకు నిట్టనిలువుగా తగిలినప్పుడే గీత పదునుగా కనబడుతుంది.

మొదటి ప్రశ్న: ప్లూరా జారుతోందా?

ప్రోబ్ కదలకుండా చిటికెన వేలును రోగి ఛాతీకి ఆనించి పట్టుకోండి. ఊపిరి తీసేటప్పుడు, వదిలేటప్పుడు ప్లూరా గీత మీద చిన్న మెరుపు అటూ ఇటూ జారుతుంటే రెండు పొరలూ కలిసే ఉన్నాయి, ప్రోబ్ కింద న్యూమోథొరాక్స్ లేదు. అనుమానంగా ఉంటే ఎం-మోడ్ (ఒకే గీత మీది కదలికను కాలంతో పాటు చూపే పద్ధతి) నొక్కండి. పైన సమాంతర గీతలు, ప్లూరా కింద ఇసుక లాంటి గరుకు కనిపిస్తే మామూలు. దీన్ని సముద్రతీరం గుర్తు అంటారు. పై నుంచి కింది దాకా అంతా సమాంతర గీతలే, అంటే బార్‌కోడ్ లాగా ఉంటే జారుడు లేదు.

జారుడు లేకపోతే న్యూమోథొరాక్స్ అనే ముద్ర వెంటనే వేయకండి. జారుడు ఉండటం న్యూమోథొరాక్స్ లేదనడానికి గట్టి సాక్ష్యం. జారుడు లేకపోవడం మాత్రం ఎన్నో కారణాల వల్ల జరుగుతుంది. ఈ సంగతికి కింద మళ్లీ వస్తాను. జారుడు లేనప్పుడు ముందు చూడాల్సింది లంగ్ పాయింట్. ప్రోబ్‌ను ముందు వైపు నుంచి పక్కకు జరుపుతూ వెళ్లండి. ఒక చోట ఊపిరి తీసినప్పుడు జారుడు కనిపించి, వదిలినప్పుడు మాయమవుతుంది. ఊపిరితిత్తి ఛాతీ గోడను తాకీ తాకని అంచు అది. అది దొరికితే న్యూమోథొరాక్స్ ఖాయం, అయితే ఊపిరితిత్తి పూర్తిగా ముడుచుకుపోతే ఈ అంచు దొరకదు.

మరో రెండు ఆధారాలున్నాయి. ప్లూరా గుండెతో పాటు సన్నగా అదురుతుంటే ఆ చోట గాలి చేరలేదు. ఒక్క బి-లైన్ కనిపించినా అంతే.

రెండో ప్రశ్న: ఏ గీతలు?

మంగలి షాపులో ఎదురెదురుగా పెట్టిన అద్దాల్లో మన ముఖం ఒకదాని వెనక ఒకటిగా కనిపించినట్టు, ప్లూరాకూ ప్రోబ్‌కూ మధ్య తరంగాలు తిరుగుతూ ఉంటే ప్లూరా గీత నకళ్లు సమాన దూరాల్లో అడ్డంగా కనిపిస్తాయి. ఇవి ఎ-లైన్లు. చర్మం నుంచి ప్లూరాకు ఎంత దూరమో, ప్లూరా నుంచి మొదటి ఎ-లైన్‌కూ అంతే దూరం. ప్లూరా కింద గాలి ఉందని వీటి అర్థం. మామూలు ఊపిరితిత్తిలోనూ, సీఓపీడీలోనూ, న్యూమోథొరాక్స్‌లోనూ ఇవి ఉంటాయి. జారుడును ముందు చూడమన్నది ఇందుకే.

బి-లైన్లు నిలువు గీతలు. ప్లూరా నుంచి మొదలై, లేజర్ కిరణంలా పదునుగా, తెర అడుగుదాకా వాడిపోకుండా వెళ్తాయి. దారిలో ఎ-లైన్లను చెరిపేస్తాయి, ప్లూరా జారితే దానితో పాటే కదులుతాయి. ఈ లక్షణాలన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ప్లూరా దగ్గర పుట్టి రెండు మూడు సెంటీమీటర్లలోనే ఆగిపోయే పొట్టి గీతలకు అర్థం లేదు. ఊపిరితిత్తి గోడల్లో నీరు చేరితే, లేదా అవి గట్టిపడితే బి-లైన్లు వస్తాయి. రెండు పక్కటెముకల మధ్య మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలి. 2012లో వచ్చిన అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయం కూడా ఇదే చెబుతోంది. అడుగు భాగంలో ఒకటో రెండో కనిపించడం ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది.

రెండు వైపులా, ముందు భాగంలో, జారుడు ఉన్న ప్లూరా నుంచి గుంపుగా బి-లైన్లు దిగుతుంటే గుండె వల్ల వచ్చిన పల్మనరీ ఎడీమాను (ఊపిరితిత్తుల్లో నీరు చేరడాన్ని) మొదట అనుకోండి. ఇటలీలోని ఏడు అత్యవసర విభాగాల్లో 1005 మంది మీద చేసిన పరిశోధన 2015లో వచ్చింది. ఆయాసం గుండె వల్లనా కాదా అన్నది తేల్చడంలో, రోగి పరీక్షతో కలిపి చూసిన ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్ సెన్సిటివిటీ (జబ్బున్నవారిని పట్టుకునే శాతం), స్పెసిఫిసిటీ (జబ్బు లేనివారిని లేదని చెప్పే శాతం) రెండూ 97 శాతం దాకా వచ్చాయి. రోగి పరీక్షతో కలిపి అన్న మాటను వదిలేయకండి. ఆ డాక్టర్లు రోగితో మాట్లాడారు, ముట్టుకుని చూశారు, ఈసీజీ చూశారు, ఆ తర్వాతే ప్రోబ్ పెట్టారు.

వెనక పక్క

ఎడీమా కాదని తేలితే, లేదా అనుమానం మిగిలితే ప్లాప్స్ పాయింట్‌కు వెళ్లండి. ఇక్కడ మొదట డయాఫ్రం, అంటే ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండరం దొరకాలి. కుడి వైపు కాలేయం, ఎడమ వైపు ప్లీహం చూసి, వాటి మీద ఉండే వంపు గీతే డయాఫ్రం అని నిర్ధారించుకోండి. కాలేయానికీ కిడ్నీకీ మధ్య మడతను డయాఫ్రం అనుకుని, కింద ఉన్నదాన్ని ఛాతీలో నీరనుకుని సూది వేస్తే అది పొట్టలోకి దిగుతుంది. ఈ ఒక్క జాగ్రత్త పాటిస్తే ఎన్నో ప్రమాదాలు తప్పుతాయి.

డయాఫ్రం పైన నల్లటి ఖాళీ కనిపించి, దానిలో ఊపిరితిత్తి అంచు ఊపిరితో కదులుతుంటే ప్లూరాలో నీరు. డయాఫ్రం పైకి కూడా వెన్నెముక గీత కొనసాగి కనిపిస్తే నీరు ఉందనడానికి మరో ఆధారం, ఎందుకంటే మామూలుగా గాలి దాన్ని కనబడనివ్వదు. వెంటిలేటర్ మీద వెల్లకిలా ఉన్నవారిలో, ఊపిరితిత్తి అడుగున రెండు పొరల మధ్య అత్యధిక దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచి 20తో గుణిస్తే నీటి పరిమాణం సుమారుగా మిల్లీలీటర్లలో వస్తుంది. కూర్చున్న రోగికి ఈ లెక్క వాడకండి.

ఊపిరితిత్తి కాలేయంలా గట్టిగా, బూడిద రంగులో కనిపించి, లోపల తెల్లటి చుక్కలు ఊపిరి తీసినప్పుడు మెరుస్తూ ముందుకు కదులుతుంటే అది న్యుమోనియా. కదలకుండా ఉన్న చుక్కలు మాత్రం శ్వాసనాళం మూసుకుపోయి ముడుచుకున్న ఊపిరితిత్తిలోనూ ఉంటాయి.

వానాకాలం జ్వరాల్లో కూడా ఈ చోటు పనికొస్తుంది. డెంగీలో రక్తనాళాల నుంచి నీరు బయటికి కారడం మొదలైతే ప్లూరాలో, ముఖ్యంగా కుడి వైపు, పలుచటి నల్లని పట్టీ కనబడుతుంది. పిత్తాశయం గోడ మందమవుతుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య మీదే అందరి కళ్లూ ఉండే వార్డులో దీన్ని వెతికి చూడండి. సెలైన్ ఎక్కుతున్న రోగికి ముందు వైపు ఎ-లైన్లు పోయి బి-లైన్లు రావడం మొదలైతే ద్రవాలు ఎక్కించే వేగాన్ని మళ్లీ ఆలోచించాలి.

కాళ్ల సిరలు, గుండె

ముందు వైపు ఎ-లైన్లు, జారుడు మామూలు, అయినా రోగి ఆయాసపడుతున్నాడంటే కాళ్ల సిరలు చూడాలి. లీనియర్ ప్రోబ్‌ను గజ్జల్లో, మోకాలి వెనక అడ్డంగా పెట్టి నొక్కండి. సిర పూర్తిగా మూసుకుపోవాలి, ధమని నిలబడాలి. ధమని కాస్త నొక్కుకుపోయేంత ఒత్తిడి పెట్టినా సిర మూతపడకపోతే అందులో రక్తపు గడ్డ ఉంది. గడ్డ కళ్లకు కనిపిస్తూనే ఉంటే మళ్లీ మళ్లీ నొక్కకండి. కాళ్లలో గడ్డ దొరకలేదంటే పల్మనరీ ఎంబోలిజం (రక్తపు గడ్డ ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డుపడటం) లేదని కాదు. అనుమానం బలంగా ఉంటే సీటీ యాంజియో వైపు అడుగు వేయాల్సిందే.

గుండె దగ్గర ఎకో నిపుణుల పని మీరు చేయనక్కరలేదు. ఎడమ జఠరిక బాగా కొట్టుకుంటోందా, చుట్టూ నీరుందా, కుడి జఠరిక ఉబ్బిందా అన్న మూడే చాలు.

ఇవన్నీ కలిపి చదవడం

రెండు వైపులా బి-లైన్లు, జారుడు ఉంటే పల్మనరీ ఎడీమా. బి-లైన్లు ఉండి జారుడు పోయినా, ఒక వైపే బి-లైన్లు ఉండి మరో వైపు ఎ-లైన్లు ఉన్నా, ముందు వైపే గట్టిపడ్డ ఊపిరితిత్తి కనిపించినా న్యుమోనియా. ఎ-లైన్లు ఉండి జారుడు లేకపోతే లంగ్ పాయింట్ వెతికి న్యూమోథొరాక్స్ నిర్ధారించాలి. ఎ-లైన్లు, జారుడు ఉండి కాలి సిరలో గడ్డ ఉంటే ఎంబోలిజం. గడ్డ లేక ప్లాప్స్ పాయింట్‌లో నీరో గట్టిదనమో ఉంటే మళ్లీ న్యుమోనియా. ఎక్కడా ఏమీ లేకపోతే ఆస్తమా లేదా సీఓపీడీ. 2008 పరిశోధనలో రెండు వైపులా బి-లైన్ల గుర్తుకు ఎడీమా విషయంలో సెన్సిటివిటీ 97 శాతం, స్పెసిఫిసిటీ 95 శాతం. ఎంబోలిజం విషయంలో సెన్సిటివిటీ 81 శాతమే. ఏ జవాబును ఎంత నమ్మాలో ఈ అంకెలు చెబుతాయి.

మన రోగుల్లో వచ్చే చిక్కులు

ఈ ప్రోటోకాల్ ఫ్రాన్స్ ఐసీయూలో పుట్టింది. మన వార్డుల్లో పాత టీబీ మచ్చలున్న ఊపిరితిత్తులు చాలా ఎక్కువ. టీబీ తగ్గాక రెండు ప్లూరా పొరలు అతుక్కుపోవచ్చు, అప్పుడు ఆ చోట జారుడు ఉండదు. దాన్ని న్యూమోథొరాక్స్ అనుకుని ఛాతీలో ట్యూబు దింపితే ఊపిరితిత్తి చిరిగిపోవచ్చు. పెద్ద గాలి బుడగలున్న సీఓపీడీలోనూ జారుడు కనిపించకపోవచ్చు. నోటి నుంచి వేసిన శ్వాస ట్యూబు కుడి శ్వాసనాళంలోకి లోతుగా వెళ్లిపోతే ఎడమ వైపు జారుడు పోతుంది. అప్పుడు ప్లూరా గుండెతో అదురుతుంటుంది కాబట్టి, శ్వాస ట్యూబును కొంచెం వెనక్కి లాగి మళ్లీ చూడండి. లంగ్ పాయింట్ దొరకకుండా, రోగి స్థిమితంగా ఉంటే, ఛాతీలో ట్యూబు వేసే ముందు ఎక్స్‌రే తీయించండి.

బి-లైన్లదీ అదే కథ. రాతి క్వారీల్లో పనిచేసి సిలికోసిస్ వచ్చినవారికి, ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులున్నవారికి, కోవిడ్ తీవ్రంగా వచ్చి మచ్చలు మిగిలినవారికి బి-లైన్లు ఎప్పుడూ ఉండొచ్చు. లాసిక్స్ ఎంత ఇచ్చినా అవి పోవు. తేడా పట్టుకోవడానికి ప్లూరా గీతను చూడండి. గుండె వల్ల వచ్చిన ఎడీమాలో అది నునుపుగా, సన్నగా ఉంటుంది, బి-లైన్లు అంతటా ఒకేలా ఉంటాయి. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి నీటితో నిండే తీవ్ర స్థితి)లోనూ, ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు గట్టిపడటం)లోనూ ప్లూరా గరుకుగా, తెగిపోయినట్టుగా ఉంటుంది. ఏఆర్‌డీఎస్‌లో ఒక చోట దట్టంగా బి-లైన్లు, పక్కనే ఏమీ లేని చోట్లు, ప్లూరా కింద చిన్న చిన్న గట్టి ముక్కలు కనిపిస్తాయి. పాత ఎక్స్‌రే ఫిల్ములు సంచిలో తెచ్చారేమో రోగి వెంట వచ్చినవారిని అడగండి. ఈ పరీక్షకు అంత గొప్ప తోడు మరొకటి లేదు.

బాగా లావుగా ఉన్నవారిలో, చర్మం కింద గాలి చేరినవారిలో, ఛాతీకి కట్లు కట్టినవారిలో బొమ్మే రాకపోవచ్చు. అప్పుడు "కనిపించలేదు" అని రాయండి, "లేదు" అని రాయకండి.

చికిత్స మొదలయ్యాక మళ్లీ

ఎక్స్‌రే రోజుకు ఒకసారి తీస్తాం. ప్రోబ్ ఎన్నిసార్లయినా పెట్టవచ్చు, రేడియేషన్ లేదు. లాసిక్స్, బైపాప్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే మిషన్) మొదలుపెట్టిన కొన్ని గంటలకు అవే ఆరు చోట్లు మళ్లీ చూసి, బి-లైన్లు ఎక్కడ తగ్గాయో రాయండి. తగ్గకపోతే మందు చాలలేదా, లేక నిర్ధారణే తప్పా అని అడగడానికి ఇదే సమయం. డిశ్చార్జికి ముందు మరోసారి చూడటం కూడా మంచిది. స్పెయిన్‌లో గుండె వైఫల్యం రోగులపై చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, ఇంటికి వెళ్లాక ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్‌తో మందులు సర్దుబాటు చేసిన వారిలో అత్యవసరంగా ఆసుపత్రికి పరిగెత్తాల్సిన అవసరం తగ్గింది.

అన్ని పరిశోధనలూ ఇంత తీపిగా లేవు, వాటినీ తెలుసుకోవాలి. డెన్మార్క్‌లో 320 మంది రోగులను రెండు గుంపులుగా చేసి చూసినప్పుడు, నాలుగు గంటల్లో సరైన నిర్ధారణకు చేరినవారు అల్ట్రాసౌండ్ చేసిన గుంపులో 88 శాతం, చేయని గుంపులో 63.7 శాతం. ఈ ఫలితాలు 2014లో వచ్చాయి. తేడా పెద్దదే, కానీ మరణాలు తగ్గలేదు. కారణం తెలియని లో బీపీతో వచ్చిన 273 మంది మీద ఉత్తర అమెరికాలో, దక్షిణాఫ్రికాలో చేసి 2018లో ప్రచురించిన షాక్-ఈడీ పరిశోధనలోనూ అల్ట్రాసౌండ్ వల్ల బతికినవారి సంఖ్య పెరగలేదు. నేను దీన్ని నిరాశగా చదవను. స్కాన్ నిర్ధారణను త్వరగా ఇస్తుంది, ఆ తర్వాత మందు, ఆక్సిజన్, నర్సు, వెంటిలేటర్ అందితేనే మనిషి బతుకుతాడు. అందుకే ప్రశ్న ముందు వేసుకోమన్నాను, చికిత్సను ప్రశ్నతో ముడిపెట్టమన్నాను.

ఇంటివారికి చెప్పడం

నీరు ఊపిరితిత్తి లోపల చేరిందా, బయట పొరల మధ్య చేరిందా అన్నది విడమరిచి చెప్పండి. మొదటిది మందుతో, ఆక్సిజన్‌తో పోతుంది. రెండోదానికి సూది వేసి తీయాల్సి రావచ్చు. తెరను వారి వైపు తిప్పి, "అమ్మా, ఇదిగో ఈ నిలువు గీతలు నీటి వల్ల వచ్చినవి. మందు పనిచేస్తే ఇవి తగ్గాలి, సాయంత్రం మళ్లీ చూసి చెబుతాను" అనండి. చెప్పినట్టే సాయంత్రం చూపించండి. ఉప్పు తగ్గించమని, మాత్రలు మానొద్దని చెప్పే మాట ఆ తర్వాత బాగా నాటుకుంటుంది.

చేతిలో ఇమిడే కొత్త మిషన్లు

ఫోనుకు తగిలించే ప్రోబ్‌లు ఇప్పుడు మార్కెట్లో చాలా ఉన్నాయి. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన బటర్‌ఫ్లై ఐక్యూలో పాత పద్ధతి స్ఫటికాల బదులు సిలికాన్ చిప్ మీద వేల సంఖ్యలో సూక్ష్మ పొరలు ఉంటాయి. అందువల్ల ఒకే ప్రోబ్ లీనియర్‌గా, కర్విలీనియర్‌గా, గుండె ప్రోబ్‌గా మూడు పనులూ చేస్తుంది. కృత్రిమ మేధ కూడా వచ్చింది. ప్రోబ్‌ను ఎటు తిప్పాలో తెర మీద చెప్పే సాఫ్ట్‌వేర్‌తో, ఎకో చేసిన అనుభవం లేని ఎనిమిది మంది నర్సులు 240 మంది రోగులకు స్కాన్ చేశారు. ఎడమ జఠరిక పరిమాణం, పనితీరు అంచనా వేయడానికి ఆ బొమ్మలు 98.8 శాతం మందిలో సరిపోయాయి. 2021లో వెలువడిన ఈ ఫలితం, గుండె నిపుణులు దొరకని ఊళ్లకు నిజంగా ఆశ కలిగించేది. అయితే బి-లైన్లను లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌కు ఆ రోగి క్వారీలో పనిచేశాడని తెలియదు. ఆ సంగతి మీరే అడిగి తెలుసుకోవాలి.

చేతి మిషన్ కొనే ముందు చట్టం సంగతి చూసుకోండి. కడుపులోని బిడ్డ లింగ నిర్ధారణను నిషేధించే 1994 పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ మిషన్ నమోదు కావాలి, మీరు ఊపిరితిత్తులే చూసినా సరే, అది జేబులో పట్టేదైనా సరే. నమోదైన ఆవరణలో, చేరిన రోగుల కోసం మాత్రమే పోర్టబుల్ మిషన్‌ను వాడాలని, లేదా మొబైల్ వైద్య యూనిట్‌లో భాగంగా వాడాలని నిబంధన ఉంది. ఇంటికి తీసుకెళ్లడం, మరో ఆసుపత్రికి పట్టుకెళ్లడం నేరమవుతుంది. ఆడపిల్లల ప్రాణాల కోసం వచ్చిన చట్టం ఇది. కాగితాల శ్రమ ఎంతున్నా గౌరవించి పాటించండి. మీ పేరు నమోదులో చేరిందో లేదో ఆసుపత్రి సూపరింటెండెంట్ కార్యాలయంలో అడగండి.

చేయి అలవాటు కావడానికి

ఆయాసం లేని రోగులతో మొదలుపెట్టండి. వార్డులో స్థిమితంగా ఉన్నవారి అనుమతి తీసుకుని మామూలు జారుడు, మామూలు ఎ-లైన్లు కళ్లకు అలవాటయ్యేదాకా చూడండి. డయాలసిస్ యూనిట్ ఉంటే అక్కడికి వెళ్లండి. డయాలసిస్‌కు ముందూ తర్వాతా ఒకే మనిషిని చూస్తే, నీరు తీసే కొద్దీ బి-లైన్లు తగ్గడం మీ కళ్ల ముందే కనబడుతుంది. ఇంతకన్నా మంచి బడి లేదు. ప్రతి స్కాన్‌లో ఆరు చోట్ల చిన్న వీడియోలు దాచండి. ఏ బిందువులో ఏ గీతలు, జారుడు ఉందా లేదా, మీ నిర్ణయం ఏమిటి అన్నవి కేస్ షీట్‌లో అప్పుడే రాయండి. ఎక్స్‌రే లేదా సీటీ వచ్చాక పక్కపక్కన పెట్టి పోల్చండి. రెండూ కలవని కేసులను వారానికోసారి రేడియాలజిస్టుకు చూపించి కలిసి చర్చించండి.

ఒక రోగి నుంచి మరో రోగికి వెళ్లే ముందు జెల్ పూర్తిగా తుడిచి, ప్రోబ్ తయారీదారు సూచించిన క్రిమినాశక వైప్‌తో ప్రోబ్‌నూ దాని తీగనూ శుభ్రం చేయండి. స్పిరిట్ కొన్ని ప్రోబ్‌ల రబ్బరు ముఖాన్ని పాడుచేస్తుంది, కాబట్టి ముందు మాన్యువల్ చూడండి. ఐసీయూలో ఒక మంచం నుంచి మరో మంచానికి ఇన్‌ఫెక్షన్ మోసుకెళ్లే దారుల్లో ఆ తీగ కూడా ఒకటి.